మూటకు వేలాడే మనిషి: పని డైరీ

మే, మొదటి వారం

తలపెట్టిన బొమ్మ ఇది. ఐదున్నర అడుగుల మనిషి నడుము వంచి, వీపు మీద గోగునార మూట మోస్తుంటాడు. నేల మీద నిలబడడు, పైకప్పు దూలం నుంచి వేలాడతాడు. తాళ్లు అతని భుజాలకో నడుముకో కట్టి ఉండవు. దూలం మూటను పట్టుకుంటుంది, మూట మనిషిని పట్టుకుంటుంది. చూసేవాళ్లకు అతనే మూట మోస్తున్నట్టు కనిపించాలి. బరువు లెక్క మాత్రం తలకిందులు.

ఇది విశాఖ దగ్గరి భీమిలి బొమ్మ. గోస్తని నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. దూరంగా లంగరు వేస్తే, సరుకును పడవల మీద అక్కడికి చేర్చేవారు. మనిషి వీపు నుంచి పడవకు, పడవ నుంచి ఓడకు. ఆ సరుకుల్లో గోగునార ఎంత ముఖ్యమంటే, దేశాంతర వ్యాపారంలో దానికి బిమ్లీ జూట్ అని ఈ ఊరి పేరే స్థిరపడింది. 1933లో విశాఖపట్నం నౌకాశ్రయం తెరుచుకున్నాక ఇక్కడి రేవు సందడి క్రమంగా పలచబడింది. ఊళ్లో డచ్చివాళ్ల సమాధులను చూపించడానికి మనుషులున్నారు. మూటలు మోసినవాళ్లకు రాయీ లేదు, పేరూ లేదు. ఆ మనిషి వీపు ఎలా ఉండేదో ఊహించి చేస్తున్నాను.

పని మూడు చేతుల మీద సాగాలి. ముఖం, అరచేతులు, పాదాలు తెల్లపొణికి కర్ర మీద మక్కుతో, అంటే చింతగింజల జిగురులో రంపపుపొట్టు పిసికిన ముద్దతో. ఒళ్లంతా నార, నులక. నడుముకూ వీపుకూ కలంకారీ పద్ధతిలో రాసిన బట్ట. శిల్పం, చిత్రలేఖనం, నారపని, మూడింటిలో ఏదీ మిగతావాటికి అలంకారం కాకూడదని మొదట్లోనే ఒక నియమం పెట్టుకున్నాను. కాన్వాసు అంచున నాలుగు కుచ్చులు వేలాడదీసి మిశ్రమ మాధ్యమం అని చీటీ తగిలించిన పనులు చాలా చూశాను. కుచ్చులు కత్తిరించి పారేసినా ఆ బొమ్మకు వచ్చే లోటేమీ ఉండదు. ఇక్కడ నార తెగితే మనిషి కింద పడాలి. అప్పుడే నార అక్కడ ఉన్నట్టు.

మే చివర

నార వచ్చింది. పోయిన ఏటి పంట, విజయనగరం వైపు నుంచి. గోగును నార కోసం పెంచితే మనిషిని మించి ఎదుగుతుంది. లేత ఆకు మన కంచంలో గోంగూరయ్యేది కూడా ఈ మొక్కదే. పూత దశలో కాడలు కోసి, కట్టలు కట్టి, చెరువులోనో గుంటలోనో ముంచి పైన బరువు పెడతారు. బెరడును కాడకు అంటించి ఉంచే జిగురును నీళ్లలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. రెండు మూడు వారాలకు బెరడు చేతికి ఊడి వస్తుంది. తక్కువ ఊరితే నారలో పుల్లలు మిగులుతాయి, ఎక్కువ ఊరితే పట్టు పోతుంది. నాకు వచ్చిన కట్టల్లో రెండు రకాలూ ఉన్నాయి. పది పోగులు తీసి చూపుడువేలికి చుట్టి లాగితే తేడా తెలిసిపోతుంది: బాగా ఊరినది కోసుకుపోతుంది గానీ తెగదు, ఎక్కువ ఊరినది చప్పుడు లేకుండా విడిపోతుంది. రెండో రకాన్ని మక్కులో కలపడానికి పక్కన పెట్టాను. బరువు మోసేదంతా మొదటి రకమే.

చిక్కు తీయడానికే రోజులు పడుతున్నాయి. గోడకు కొట్టిన మేకుల పలక మీద నారను దువ్వి, పొడుగుపోగులు ఒక వైపు, పొట్టిపోగులు మరోవైపు. దుమ్ము విపరీతం. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా ఈ పనికి దిగవద్దని, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా మొదటి సలహా.

తాడు మూడు పురులది. ఒక్కో పురిని కుడివైపు మెలితిప్పి, మూడింటినీ కలిపి ఎడమవైపు పేనాలి. విప్పుకోవాలని చూసే ప్రతి పురినీ మిగతా రెండూ పట్టి ఉంచుతాయి. తాడు బలమంతా ఆ తగువులోనే ఉంది. దూలం నుంచి దిగే నాలుగు తాళ్లూ బొటనవేలంత లావు పేనాను. బొమ్మ మొత్తం బరువు 30 కిలోలు దాటకూడదని నా లెక్క. ఒక్కో తాడుకు 100 కిలోల ఇసుక బస్తా కట్టి వారం వేలాడదీస్తే మొదటి రోజు సాగింది, ఆ తర్వాత కదల్లేదు. కొత్త తాడు మొదట్లో సాగడం సహజం. ఆ సాగుడంతా బొమ్మకు కట్టకముందే అయిపోవాలి.

జూన్

ఒంటికి లోపల ఇనుప చట్రం వద్దనుకున్నాను. ఈ ఊరి ఉప్పుగాలిలో ఇనుము రెండు వానాకాలాలకే తుప్పు కక్కుతుంది, ఆ తుప్పు నారను తినేస్తుంది. అందుకని మొండెం వెదురు బుట్ట. బద్దలను ముందుగా నీళ్లలో నానవేసి ఎండబెట్టాను. వెదురులోని పిండి పదార్థం కొంత నీళ్లలోకి పోతే పురుగు బెడద తగ్గుతుంది. బుట్ట అల్లినది నేను కాదు, తట్టలు అల్లే మేదరి ఆవిడ. నా గీతలు చూసి, "ఇంత వంపు తిరిగితే ఇది తట్ట కాదమ్మా, గుమ్మడికాయ" అని నవ్వి, పక్కటెముకలు రావలసిన చోట బద్దల మధ్య ఎడం తానే పెంచింది. ఆ ఎడమే ఇప్పుడు బొమ్మ డొక్కలు.

బుట్ట మీద నులక. ఇక్కడే నా అసలు ప్రశ్న మొదలైంది. నులకను బుట్టకు జిగురుతో అంటించాలా, కుట్టాలా, ఊరికే చుట్టాలా? జవాబు నులక మంచాలు అల్లే తాతగారి దగ్గర దొరికింది. ఎనభై దాటిన మనిషి. ఇప్పుడు మంచాలు అల్లించుకునేవాళ్లు లేరు గానీ చేతులకు ఆ పని గుర్తుంది.

"బిగువంతా ఒక్కసారే పెట్టేస్తే ఎలాగమ్మా? మనిషి పడుకున్నాక నులక సర్దుకోవాలి. వదులైతే లాగడానికి కాళ్లవైపు తాడు ఉంటుంది కదా."

"మరి ఇది మంచం కాదు కదా తాతగారూ, బొమ్మ."

"బొమ్మ మీద మాత్రం గాలి పడుకోదా?"

నులక మంచంలో అల్లిక నాలుగు కోళ్లకూ సమానంగా ఆనదు. తలవైపు నుంచి ముప్పాతిక భాగం గట్టి అల్లిక. కాళ్లవైపు కొంచెం ఖాళీ వదిలి, అక్కడ ఒక తాడును పట్టెకూ అల్లిక అంచుకూ మధ్య అటూ ఇటూ దూర్చి లాగి కడతారు. మంచం కుంగినప్పుడల్లా విప్పి బిగించేది ఆ ఒక్క తాడునే. అల్లిక జోలికి పోనక్కర్లేదు.

దాన్నే తీసుకున్నాను. బొమ్మ ఛాతీ, డొక్కలు, తొడలు గట్టి అల్లిక. వెన్నెముక పొడవునా చెయ్యెడు సందు వదిలి, రెండు అంచులనూ ఒకే తాడుతో మెడ నుంచి నడుము దాకా దూర్చి బిగించాను. ఆ తాడును ఎప్పుడైనా విప్పవచ్చు, బిగించవచ్చు. చూడటానికి వెన్నుపూసల్లా ఉంది, అది కూడా కలిసివచ్చింది. ఒంటి మీద ఎక్కడా జిగురు లేదు.

జూన్ చివర

మక్కు పని. చింతగింజలు వేయించి, పొట్టు కొట్టి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, సన్నని సెగ మీద కలుపుతూ ఉడికిస్తే గంటె నుంచి తీగలా జారే జిగురు వస్తుంది. అందులో జల్లెడ పట్టిన రంపపుపొట్టు కలిపి పిసికితే మక్కు. కొండపల్లిలో బొమ్మల కాళ్లూ చేతులూ అతికేది దీనితోనే. చేర్యాలలో నకాశీ చిత్రకారులు చేసే ముఖాలకు కూడా చింతగింజల జిగురు, రంపపుపొట్టే ఆధారం.

మొదట తెచ్చిన పొట్టు పట్టుకోలేదు. ఎండాక వేలితో నొక్కితే పొడిపొడి అయింది. అడిగితే తెలిసింది, ఆ కర్రల దుకాణంలో ఇప్పుడు కోసేది ఎక్కువగా ప్లైవుడ్డేనట. జిగురు పట్టిన పొట్టు మళ్లీ జిగురు పీల్చదు. "పొట్టు పొట్టే కదండీ" అన్నాడు దుకాణదారు. కాదు. రంపం కింద పచ్చి కర్ర కోసే చోటు వెతుక్కుని వేపపొట్టు తెచ్చాను. అది ముదురు రంగు, కొంచెం చేదువాసన, చక్కగా పట్టింది.

ఇక అతుకు. మెడ దగ్గర మక్కు తలా, నులక ఒళ్లూ కలవాలి. మక్కు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. నార తేమకు ఉబ్బుతుంది. ఒకటి లోపలికి లాగుతుంటే ఒకటి బయటికి నెడుతుంది, మధ్యలో రంగు చిట్లుతుంది. నమూనా ముక్కల మీద చూస్తే పగులు ప్రతిసారీ అతుకు గీత మీదే వచ్చింది. అందుకని అక్కడ గీతే లేకుండా చేశాను. తల అడుగున తొమ్మిది చోట్ల తొలిచి నార కుచ్చులు దిగ్గొట్టాను. వాటి పై సగం మక్కులో, కింది సగం మెడ తాళ్లలో పేనుకుని ఉంటుంది. గడ్డం కింది మక్కులో పొట్టినార ఎక్కువగా, చెంపల దాకా వచ్చేసరికి తక్కువగా, నుదుటి మీద అసలు లేకుండా కలిపాను. మట్టిగోడకు గడ్డి తొక్కించిన వాళ్లకు తెలిసిన సంగతే ఇది: పగులు పోదు, ఒకే చోట పెద్దగా రావలసింది వెయ్యి చోట్ల కంటికి కనబడనంత సన్నగా వస్తుంది.

బూజు ఇంకో గొడవ. చింతగింజల జిగురు తిండి పదార్థమే కనుక జూన్ గాలిలో రెండో రోజుకే తెల్లగా బూజు వేస్తుంది. పుస్తకాలు కుట్టేవాళ్లు మైదా జిగురులో మైలుతుత్తం అనే రాగి ఉప్పు వేసేది ఇందుకే. నేనూ వేసి చూశాను. బూజు ఆగింది. కానీ కరక్కాయ నీళ్లలో ముంచిన బట్ట ముక్కను ఆ మక్కుకు ఆనించి ఉంచితే అంచు వెంబడి గోధుమరంగు గీత పాకింది. కరక్కాయలోని వగరుతో రాగి కలిసి రంగు మార్చేస్తుంది. కాబట్టి మైలుతుత్తం కలిపిన మక్కు లోపలి పొరలకే. బట్ట తగిలే పై పొరకు లవంగనూనె, ఎండ, తలుపు తీసి ఉంచడం.

జూలై, ముసురు

బయట పని లేదు. కూర్చుని, ఈ దారిలో ముందు నడిచినవాళ్ల పనుల ఫొటోలు మళ్లీ చూస్తున్నాను.

నారతో మనిషంత బొమ్మలు మన దేశంలో చేసిన మహాశిల్పి మృణాళినీ ముఖర్జీ. 1949లో బొంబాయిలో పుట్టి, బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. మగ్గం లేదు, ముందు గీసుకున్న బొమ్మ లేదు. జనపతాడు మీద ముడి వెనుక ముడి వేసుకుంటూ యక్షులనూ వనదేవతలనూ పైకి లేపారు. ఆ ముడి మాక్రమే ముడే, 1970ల్లో పూలకుండీలు వేలాడదీయడానికి ఇంటింటా నేర్చుకున్నదే. చాలాకాలం ఆమె పనిని హస్తకళా, శిల్పమా అని తూకం వేస్తూ కూర్చున్నారు విమర్శకులు. 2015లో ఢిల్లీ జాతీయ ఆధునిక కళా గ్యాలరీలో పెద్ద ప్రదర్శన తెరుచుకున్న కొద్ది రోజులకే ఆమె పోయారు. న్యూయార్కులో మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్లు 2019లో ఆమె పనులు ప్రదర్శించారు.

సుబ్రమణ్యన్ 1959 నుంచి రెండేళ్లు అఖిల భారత చేనేత బోర్డులో పనిచేశారు. చిత్రకారుడు చేనేత బోర్డుకు వెళ్లడం, తిరిగి వచ్చి విద్యార్థుల చేత నారా మట్టీ పట్టించడం, దాని వల్లే ఆ బరోడా తరానికి చెయ్యి వేరుగా తిరిగిందని నా నమ్మకం.

పోలండు శిల్పి మగ్దలేనా అబకానోవిచ్ 1960ల్లో రేవుల్లో పారేసిన పాత ఓడతాళ్లను ఏరి, విప్పి, ఉతికి, రంగులద్ది, మనిషి లోపలికి నడిచి వెళ్లగలిగినంత పెద్ద నేతలు వేలాడదీసింది. 1965లో సావో పావ్లో ద్వైవార్షిక ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. భీమిలి ఒడ్డున నేనూ పాత తాళ్లు వెతికాను. అన్నీ నైలానే. పచ్చవి, నీలివి, ఎండకు పెళుసెక్కి చేతిలో గుచ్చుకునేవి.

మృణాళిని, అబకానోవిచ్ ఇద్దరి పనుల్లో నాకు నచ్చేది ఒకటే: నార తన బరువును తనే చూపిస్తుంది. కిందికి జారాలనుకున్న చోట జారనిస్తారు. నాకు కుదరనిది మాత్రం, రంగు నార అంతటా ఒకేలా పట్టి ఉండటం. నాకు గీత కావాలి, కథ కావాలి. రంగు ఒక చోట ఉండి ఒక చోట లేకపోవాలి. ఎక్కడ ఉండాలన్నదే మిగిలింది.

ఆగస్టు

ఆ ప్రశ్నకు జవాబు అందం వైపు నుంచి రాలేదు, బరువు వైపు నుంచి వచ్చింది.

కలంకారీ నలుపును కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి మూతి కట్టి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చే పులుపునీళ్లు. చూడటానికి నల్లగా ఉండవు, పలచటి టీ రంగు. గాడా అనే ముతక నూలు బట్టను ముందు కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. పాలలోని కొవ్వు వల్ల గీత పాకదు, కరక్కాయ వగరు వల్ల ఇనుము నల్లబడుతుంది. వెదురు కలం మొన వెనుక చుట్టిన ఉన్నిని కసిమిలో ముంచి, వేళ్లతో మెల్లగా నొక్కుతూ గీస్తే, కలం వెళ్లిన వెంటనే ఏమీ కనబడదు. ఊపిరి తీసి వదిలేంతలో బూడిదరంగు, తర్వాత కాకినలుపు. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం దగ్గర చెయ్యి ఆగుతుంది.

అయితే ఆ ఇనుమే బట్టకు శత్రువు. మ్యూజియాల్లో పాత కలంకారీలు చూసినవాళ్లకు తెలుసు: ఎరుపు నిలిచి ఉంటుంది, నీలం నిలిచి ఉంటుంది, నల్లగీత ఉన్న చోట మాత్రం బట్ట పెళుసెక్కి గీత వెంబడే చిరిగి ఉంటుంది. కసిమి పోగును లోపలి నుంచి కొరుకుతుంది. వందేళ్ల మాట కావచ్చు, వేగం తేమను బట్టి ఉంటుంది. తేమ అంటే మా ఊరే.

కాబట్టి నియమం తేలిపోయింది. బరువు మోసే ఏ తాడు మీదా నలుపు పడకూడదు. నలుపంతా ఊరికే వేలాడే బట్ట మీద. కొంచెం బరువు పడే చోట పటిక, మంజిష్ఠ వేరు కలిసి ఇచ్చే ఎరుపు. పూర్తి బరువు మోసే నాలుగు తాళ్లకూ మూటకూ అసలు రంగే లేదు, నార సహజమైన ఎండుగడ్డి రంగు. చూసేవాళ్లకు చెప్పకపోయినా, బొమ్మలో రంగు ముదిరే కొద్దీ బరువు తగ్గుతుంటుంది. నాకైతే ఇప్పటికి బొమ్మ దొరికింది. అంతకుముందు ఉన్నది ఆలోచన మాత్రమే.

నడుముగుడ్డ మీద రేవు రాశాను. దూరంగా లంగరు వేసిన ఓడలు, అలల మీద పడవలు, కొండ మీద ఇళ్లు. వీపు గుడ్డ మీద బొమ్మలు లేవు, చిట్టా పుస్తకంలోలా తెలుగు అంకెలు వరసలుగా: మూటలు, మణుగులు, కూలీ. ౧ నుంచి ౯ దాకా అంకెలు కలంతో రాయడం ఓడలు గీయడం కన్నా కష్టమైంది. ౬కూ ౭కూ తేడా కసిమి పాకితే పోతుంది.

పటికతో గీసిన భాగాలు మంజిష్ఠలో ఉడికించే ముందు, అదనపు పటిక పోయేలా పారే నీటిలో ఉతకాలి. శ్రీకాళహస్తిలో అందుకు స్వర్ణముఖి ఉంది. ఇక్కడ గోస్తని ఉంది గానీ, ఊరి దగ్గర పోటుకు ఉప్పునీళ్లు ఎక్కుతాయి. బట్టలు చుట్టుకుని చిట్టివలస పైకి వెళ్లాను. అక్కడి జూట్ మిల్లులో 2009 నుంచి పని ఆగిపోయింది. గోగునార బొమ్మకు కట్టే గుడ్డను ఆ మిల్లు ఉన్న ఊరి ఏటిలో ఉతకడం నేను అనుకుని పెట్టుకున్నది కాదు, మంచినీళ్ల కోసం వెళ్లినది. పాలవాసన మాత్రం ఉతికినా రెండు వారాలు పోలేదు. వీధిలోని పిల్లులన్నీ మా అరుగు మీదే కాపురం పెట్టాయి.

సెప్టెంబర్

ముఖం. మక్కు ఆరాక గరుకు కాగితంతో రుద్ది, సుద్దలో తుమ్మజిగురు కలిపి పలచగా పూతలు వేశాను. ఒక్కో పూత ఆరాకే తర్వాతది. మందంగా ఒకేసారి వేస్తే పొలుసులు లేస్తాయి. రంగులు రెండే: జేగురు అనే ఎర్రమట్టి, దీపపుమసి. కళ్లు రాయలేదు. మూట బరువుకు తల వంగి ఉన్న మనిషి కళ్లు చూసేవాడికి అందవు, రెప్పల వంపు చాలు. చేర్యాల ముఖాల విప్పారిన కళ్లంటే నాకు ప్రాణం, కానీ ఇతనికి అవి నప్పవు.

తాళ్లు ఒంట్లోకి దిగే చోట్ల ఒరిపిడి ఉంటుంది. అక్కడ ఏటికొప్పాక లక్క ఉంగరాలు వేయించాను. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ, తిరుగుతున్న కర్రకే లక్కబిళ్లను ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. పైన మొగలి రేకు ఆనించి తిప్పితే మెరుపు తేలుతుంది. లక్కలో కలిపే సహజ రంగుల మీద చేసిన కృషికి ఆ ఊరి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. నేను అడిగినది రంగు లేని లక్క. "రంగు లేకుండానా?" అని రెండుసార్లు అడిగి గానీ చేయలేదు. ఉంగరం లోపలివైపు కూడా లక్క ఎక్కించమన్నాను, తాడు జారేది అక్కడే కనుక. లోపలివైపు తరిణి మీద పట్టించడం తేలిక కాదు, అంచులు కొంత ఎగుడుదిగుడుగా వచ్చాయి. ఎవరికీ కనబడవు, తాడును కొయ్యకపోతే చాలు. వేలు పెట్టి తిప్పి చూశాను, నున్నగానే ఉన్నాయి.

అక్టోబర్

ఎక్కించాం. ముగ్గురు మనుషులు, ఒక కప్పీ. ముందు మూట, తర్వాత మొండెం, తల చివర. మూట ఒక్కటే 11 కిలోలు. మొత్తం 28 దగ్గర ఆగింది. కప్పీ తాడు వదిలినప్పుడు బొమ్మ అరచెయ్యి మేర కిందికి కుంగి ఆగిపోయింది. సాయం వచ్చిన కుర్రాడు, "అక్కా, నిజంగానే మోస్తున్నాడు" అన్నాడు. వాడికి లెక్క చెప్పలేదు.

పాదాలు నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో ఉన్నాయి. ఇంకొంచెం పైకి లేపితే ఎగిరినట్టు ఉంటుంది, దించితే నేల ఆనుతుంది. నేల ఆనితే అబద్ధం.

వాయుగుండం పట్టిన రోజుల్లో అసలు సంగతి బయటపడింది. గాలిలో తేమ పెరిగితే నారపోగులు అడ్డంగా ఉబ్బుతాయి, మెలి బిగుస్తుంది, తాడు పొట్టిదవుతుంది. తడిసిన బట్టల దండెం బిగిసేది అందుకే. వెన్ను తాడు బిగిసి మెడ వెనక్కి లాగింది, వంగిన గడ్డం బొటనవేలి మందం పైకి లేచింది. ఎండ కాశాక మళ్లీ వంగింది. గోడ మీద పెన్సిలు గీతలు పెట్టి చూస్తున్నాను, తల ఒక్క చోట నిలవడం లేదు.

మిత్రుడొకరు వార్నిషు పూసి నారను మూసేయమన్నారు. బాగా తెలిసినవాడే, మాట కాదనలేం. కానీ వార్నిషు పూస్తే ఆ నార ప్లాస్టిక్కు తాడు అవుతుంది, వెలుగు తిరగ్గొడుతుంది. పైగా పోగు కదులుతూనే ఉంటుంది కనుక పై పొర ఎలాగూ చిట్లుతుంది. కదలిక ఉండనీయడమే మేలు. అందుకు తగ్గట్టు మెడ దగ్గర ముఖపు రంగును ఒక వేలు వెడల్పున గీకి తీసేశాను. తల కదిలే చోట ఇప్పుడు మక్కు, నార మాత్రమే ఉన్నాయి, చిట్లడానికి రంగు లేదు.

వీపు గుడ్డను నులకకు కుట్టిన దారాలు కూడా మార్చవలసి వచ్చింది. గట్టి కుట్టు వేస్తే నులక బిగిసినప్పుడు గుడ్డ ముడతలు పడి, అంకెల వరసలు వంకర తిరుగుతున్నాయి. పొడుగు కుట్లు వదులుగా, పై అంచున మాత్రమే వేశాను. కింది అంచు స్వేచ్ఛగా వేలాడుతుంది.

నవంబర్

ప్రదర్శనశాల వాళ్లు జాగ్రత్త కోసం ఉక్కుతీగ తప్పనిసరి అన్నారు. వాదించి లాభం లేదు, కింద మనుషులు తిరుగుతారు. రెండు తాళ్ల మధ్యలోంచి సన్నని స్టెయిన్‌లెస్ తీగ దింపాను. అది వదులుగా ఉంటుంది, నార తెగితే తప్ప బరువు దాని మీద పడదు. మొదటి రోజు పెట్టుకున్న నియమానికి ఇది విరుద్ధమే. ఒప్పుకున్నాను గానీ, తీగను దాచలేదు. పైన ముడి దగ్గర అది ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంకా మిగిలినవి: కుడిపాదం మడమ దగ్గర మక్కు మరో పొర అడుగుతోంది. మూట మీద వేసే వ్యాపారి గుర్తు రాయాలా వద్దా తేలలేదు. రాస్తే జేగురుతోనే, కసిమితో కాదు. రవాణా పెట్టెలో బొమ్మను పడుకోబెట్టకూడదు, మూటను పై పలకకు వేలాడదీసే పంపాలి. కాబట్టి పెట్టె నిలువుగా ఏడడుగులు ఉండాలి. లారీవాళ్లు అడ్డంగా పెట్టకుండా నాలుగు వైపులా పెద్ద అక్షరాలతో రాయాలి.

వెన్ను తాడు ఎవరు బిగిస్తారన్నది అసలు చిక్కు. ప్రదర్శన జరిగేది ఏసీ గదిలో, అక్కడి గాలి పొడి. నులక వదులవుతుంది. నెలకోసారి ఎవరో ఒకరు విప్పి, నడుము నుంచి మెడ దాకా లాగి కట్టాలి. ముడి ఎలా వేయాలో గీసి, చీటీ పంపుతున్నాను. అక్కడి గదులు చూసుకునే ఆయన ఫోనులో, "మా నాయనమ్మ ఇంట్లో నులక మంచం ఉండేదండీ, ఆ కాళ్లవైపు తాడు లాంటిదే కదా" అన్నారు. అయితే చీటీ అక్కర్లేదేమో. అయినా పంపుతాను. రెండో బొమ్మకు నార కొత్త పంట నుంచి తీసుకోవాలి, ఊరవేసిన గుంట దగ్గరికే వెళ్లి.